మూడింటిలో ఏది

"మూడింటిలో ఏది పెడదామో మీరే తేల్చండి సదాశివ గారూ," అన్నాడు విష్ణువర్ధన్, హైదరాబాద్ ఆఫీసు నుంచి ఫోన్‌లో. "వెబ్ పేజీలా, పీడీఎఫా, వీడియోలా?"

అల్లం కొనుగోలు కేంద్రాల్లో తూకాలు ఎక్కించే సాఫ్ట్‌వేర్ వాళ్ల కంపెనీది. జహీరాబాద్ చుట్టుపక్కల పద్దెనిమిది కేంద్రాలు. ఏది తెలియకపోయినా అక్కడి ఆపరేటర్లు, కంపెనీ తరఫున జహీరాబాద్‌లోనే ఉండే సదాశివకు ఫోన్ చేసేవారు. ఆ సంగతులన్నీ రాసి, తెరమీదే చదువుకునేలా కంప్యూటర్లలో పెట్టాలని కంపెనీ నిర్ణయించింది. రాయడం సదాశివే రాశాడు. ఏ రకం ఫైల్‌గా ఇవ్వాలన్నదే మిగిలింది.

"నాకైతే వెబ్ పేజీలే మేలనిపిస్తోంది. ఇంటర్నెట్ లేకున్నా నడుస్తాయి. ఎక్కడ చిక్కుకుంటే అక్కడ నొక్కితే సరిగ్గా ఆ పేజీయే వస్తుంది. కాకపోతే అక్కడివి పాత కంప్యూటర్లు. ఒకసారి తిరిగి చూసి చెప్పండి. ఇది కుదిరితే మీకీ ఫోన్ల బాధ తప్పుతుంది. జీతానికి ఢోకా లేదు, హాయిగా ఉండొచ్చు."

"అట్లనే సార్."

సదాశివకు యాభై ఏడేళ్లు. భార్య పోయి ఆరేళ్లయింది. పిల్లల్లేరు. బస్టాండు వెనక, మేడ మీద ఒక్క గది.

నాలుగు రోజులు బస్సుల్లో తిరిగాడు. న్యాల్‌కల్ కేంద్రంలో ఆపరేటర్ అలీమా చాయ్ తెప్పించింది.

"గివన్నీ ఎందుకు సార్? మీకు ఫోన్ చేస్తె అయిపాయె కద!"

సదాశివ నవ్వాడు. పెన్‌డ్రైవ్ పెట్టి మూడు రకాలూ ఒక్కొక్కటిగా పరీక్షించాడు. చాయ్ చల్లారిపోయింది.

ఐదో రోజు ఆఫీసుకు రాశాడు. "వెబ్ పేజీలు మన కంప్యూటర్లలో తెరుచుకోవు. వీడియోలు పెడదామంటే స్పీకర్లు లేవు. పీడీఎఫే ఖాయం చేయండి."

అదే ఖాయమైంది. నాలుగు వందల పన్నెండు పేజీల ఫైలు. తెరుచుకోవడానికే రెండు నిమిషాలు. తెలుగు మాట కొట్టి వెతికితే ఏదీ దొరకదు. ఫోన్లు తగ్గలేదు సరికదా, పెరిగాయి.

"సార్, తేమకు తూకం తగ్గించుడు ఏ పేజీల ఉన్నది?"

"రెండు వందల పదహారు. ఉండు, నేనే చెప్త."

ఎన్నిసార్లు అడిగినా విసుక్కునేవాడు కాడు. అన్నం తింటూ కూడా ఫోన్ కంచం పక్కనే పెట్టుకునేవాడు. "తిన్నరా సార్?" అని అలీమా అడిగితే ఏ కూర వండుకున్నాడో చెప్పేవాడు. ఇంత ఓపిక ఎవరికి ఉంటుందని ఆపరేటర్లంతా అనుకునేవారు.

ఆదివారాలు కేంద్రాలకు సెలవు. ఆ రోజు ఫోన్ మోగదు. సోమవారం పొద్దున మొదటి ఫోన్ ఎత్తేసరికి, ఒకరోజంతా మాట్లాడక గొంతు పట్టేసి ఉండేది. దగ్గి, సవరించుకుని "చెప్పు బిడ్డా" అనేవాడు.

మార్చిలో చెడగొట్టు వాన పడింది.

ఆ మధ్యాహ్నం చిరాగ్‌పల్లి ఆపరేటర్ మంజునాథ్ ఫోన్ చేశాడు. పని పది నిమిషాల్లో తేలింది. తర్వాత మంజునాథ్ చెల్లెలి పెళ్లి ముచ్చట వచ్చింది. సదాశివ పిల్లవాడి ఊరు అడిగాడు, పెళ్లి ఎక్కడ చేస్తున్నారో అడిగాడు. మరో అరగంట గడిచింది.

అదే సమయానికి న్యాల్‌కల్‌లో కంప్యూటర్ తెర కదలకుండా బిగుసుకుపోయింది. తూకం ఎక్కితే తప్ప సరుకు షెడ్డులోకి తీసుకోరు. రైతు చందర్ అల్లం బస్తాలు ఆరుబయటే ఉన్నాయి.

సాయంత్రం అలీమా ఫోన్ చేసింది.

"ఫైల్‌ల మస్తు వెతికిన సార్, దొరకలే. మీకు చేస్తె బిజీ వచ్చింది. ముప్పై బస్తాలు తడిసినయి. చందరన్న ఒక్క మాట అనలే సార్, అట్లనే కూసున్నడు."

ఆమె కూడా సదాశివను ఒక్క మాట అనలేదు. ఆ పూట అతను పొయ్యి వెలిగించలేదు.

రెండు రోజుల తర్వాత విష్ణువర్ధన్ ఫోన్ చేశాడు. "సదాశివ గారూ, సంగతేంటో చూడమని మన నవదీప్‌ను పంపాను. వెబ్ పేజీలు పెట్టి చూశాడట. న్యాల్‌కల్‌లో నొక్కగానే తెరుచుకున్నాయి. చిరాగ్‌పల్లిలోనూ అంతే."

సదాశివ ఫోన్‌ను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

"హలో? ఉన్నారా?"

"ఉన్న సార్."

అంత పెద్దమనిషిని నిలదీయడం విష్ణువర్ధన్‌కు ఇబ్బందిగా తోచింది. తనే ఒక దారి చూపించాడు. "మీరు చూసినప్పుడు తెరుచుకోలేదన్నారు కదా. మధ్యలో కంప్యూటర్లేమైనా మార్చారేమో?"

"మార్చలే సార్," అన్నాడు సదాశివ. "నేను చూసిన నాడు కూడా మంచిగనే తెరుచుకున్నయి."