కడుపు కనబడే రొయ్య

ఓ చెరువులో గాజులాంటి ఒళ్లున్న రొయ్య ఒకటి ఉండేది. అది ఏం తిన్నా బయటికి కనబడిపోయేది.

"ఎంత నామర్దా! కాస్త బురద పూసుకోవే," అంది పక్క బొరియలో పీత. రొయ్య సిగ్గుపడి ఒళ్లంతా పూసుకుంది.

ఆ పూటే కొర్రమీను గుడ్లు సగం మాయమయ్యాయి. "ఒళ్లు దాచుకున్నావంటే మింగింది నువ్వే!" అంటూ కొర్రమీను నోరు తెరుచుకుని మీదికొచ్చింది.

రొయ్యకి పై ప్రాణాలు పైనే పోయాయి. గబగబా బురద కడుక్కుని, "చూడు పిన్నీ!" అంది. కడుపులో పచ్చటి నాచు తప్ప మరేం లేదు.

"అయ్యో తల్లీ, అన్యాయంగా నమిలేసేదాన్ని," అంటూ కొర్రమీను వెనక్కి తగ్గింది.

రొయ్య హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది. "నన్ను బురద పూసుకోమన్నది పీతత్తే పిన్నీ," అంది.

ఇద్దరూ అటు తిరిగేసరికి, పీత బొరియలోకి దూరి లోపలినుంచి వాకిలికి బురద మెత్తుకుంటోంది.