అయిదుగురిలో ఒకరు

“చెప్పకు వర్షా! ఒక్క ముక్క చెప్పినా ఊకోను!”

సోమేశ్వర్ రెండు చేతులతో చెవులు మూసుకుని గొంతెత్తి పాట అందుకున్నాడు. రాగం లేదు, మాటలు సగం లేవు. వంటింట్లోంచి శ్రీలత తొంగి చూసి, “జెర మెల్లగ! మీదింటోళ్లు ఏమనుకుంటరు?” అంది.

ఆరో తరగతి చదివే కూతురు వర్ష సోఫా ఎక్కి నిలబడింది. “ఆ అయిదుగుర్ల మనిషి కానిదెవరో తెలుసా డాడీ? అది...”

పాట ఇంకా పెద్దదయింది.

ఆ సినిమా సంగారెడ్డిలో ఆడుతోంది. కొండ మీద హాస్టల్, కుండపోత వాన, తెగిపోయిన దారి. లోపల అయిదుగురు పిల్లలు. ఎక్కడో ఆకాశం నుంచి దిగిందేదో వాళ్లలో ఒకరి రూపం వేసుకుంది. ఎవరి రూపం అన్నదే కథంతా. ఆదివారం మేనమామ సునీల్‌కుమార్ వెంట వెళ్లి వర్ష చూసొచ్చింది. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జి అయిన సోమేశ్వర్‌కు గురువారం గాని సెలవు లేదు. అప్పటిదాకా ఆ గుట్టు చెవిన పడకుండా కాపాడుకోవాలి.

పిల్లలే హీరోలైన ఇలాంటి సినిమాలంటే అతనికి ప్రాణం. “పెద్ద హీరో ఉంటె గెలుస్తడని ముందుగాల్నే తెలుసు. అందర్ని కొట్టి చొక్కా నలగకుంట ఇంటికొస్తడు. పోరగాండ్లు గట్ల గాదు. చేతిల ఒక్క టార్చిలైటు. పెద్దోళ్లెవ్వరు వాళ్ల మాట నమ్మరు. ఏమైతదో అని పానం కొట్టుకుంటది సూడు, ఆ కొట్టుకునుడుకే నేను టికెట్ కొంట,” అని భార్యకు విప్పి చెబుతుంటాడు.

“కొట్టుకునుడు ఇంట్ల ఉత్తగనే దొరుకుతది గదా,” అంటుంది శ్రీలత.

వర్ష సోఫా దిగింది. “చెప్పకుండ ఉండాల్నంటె నా మాట వినాలె.”

“ఏందది?”

“రాత్రి హాల్ల లైటు ఆర్పొద్దు.”

“కరెంటు బిల్లు ఎవరు కడ్తరే?”

“అయితె అది ఎవరంటె...”

“ఆర్పను! ఆర్పనే తల్లీ!”

మర్నాడు అతను డ్యూటీ దిగి వచ్చేసరికి కొత్త షరతు సిద్ధంగా ఉంది. మేడ మీద ఆరేసిన బట్టలు తేవడం వర్ష పని. ఇకనుంచి డాడీ కూడా రావాలి, డాడీయే ముందు నడవాలి. ఆ మరుసటి రోజు నాయనమ్మ నర్సింహమ్మ మంచం వర్ష గదిలోకి మార్చాలంది. సోమేశ్వర్ ఆయాసపడుతూ ఒక్కడే మోశాడు.

“ఏందిరా సోమేశా, పిల్లకు గింత భయపడ్తున్నవ్?” అని తల్లి బుగ్గలు నొక్కుకుంది.

“నీకు తెల్వదమ్మా. గురువారం దాంక ఊకో.”

గురువారం వచ్చింది. మ్యాట్నీలో కూర్చున్న సోమేశ్వర్ కొన్న పాప్‌కార్న్ ముట్టలేదు. చివరికి అనుమానం ఇద్దరి మీద నిలిచింది. రెండు జడల అమ్మాయి, నత్తిగా మాట్లాడే పిల్లాడు. మిగతా వాళ్లలో చిన్నది టార్చి ఎత్తింది. హాలంతా ఊపిరి బిగబట్టింది.

జేబులో ఫోన్ కొట్టుకుంది. ఫ్యాక్టరీ నుంచి ఆపరేటర్ వీర్రాజు.

“సార్, బాయిలర్ ఆగింది. జల్దీ రాండ్రి.”

“ఒక్క అయిదు నిమిషాలు వీర్రాజూ! నీ కాల్మొక్త!”

“మేనేజర్ సార్ పక్కనే ఉన్నరు సార్. ఫోన్ స్పీకర్ల ఉన్నది.”

సోమేశ్వర్ తెర వైపే చూస్తూ, ఎవరెవరివో కాళ్లు తొక్కుతూ వెనక్కి నడిచాడు. తలుపు మూసుకున్న మరుక్షణం లోపల జనం కెవ్వుమన్నారు.

బాయిలర్ దారికొచ్చేసరికి రాత్రయింది. శుక్రవారం నుంచి ఆ హాల్లో వేరే సినిమా. బావమరిదికి ఫోన్ చేస్తే, “ఏసీకి మంచిగ నిద్ర వట్టింది బావా. లైట్లేసినంక లేచిన,” అన్నాడు. నెట్‌లో వెతికితే, చూసినవాళ్లంతా ఒట్టు పెట్టుకున్నట్టు ‘సస్పెన్స్ బయటపెట్టం’ అని రాశారు.

ఇంటికొచ్చి వర్ష ముందు చాప మీద చతికిలబడ్డాడు. “బిడ్డా, చెప్పవే. జడల పిల్లనా? నత్తి పోరడా?”

వర్ష నడుం మీద చేతులు పెట్టుకుంది. “చెప్తనంటె చెవులు మూసుకున్నవ్ గద.”

“తప్పయింది.”

“పాట గూడ పాడినవ్. ఇప్పుడు నేను స్నానానికి పోతున్న. వచ్చేదాంక తలుపు కాడ నిలవడి పాడాలె. నడుమ ఆపొద్దు.”

పాడాడు. గుక్క తిప్పుకోవడానికి ఆగితే చాలు, లోపలి నుంచి “వినబడ్తలేదు!” అని కేక. మీదింటి ఆయన మెట్ల మీద నిలబడి మరీ విని పోయాడు. స్నానం అయింది, తల ఆరింది. “రేపు చెప్త,” అంది వర్ష. రేపు వచ్చింది, మళ్లీ రేపే అంది. శనివారానికి సోమేశ్వర్ గొంతు బొంగురుపోయింది. షిఫ్టులో మీటర్లు చూస్తున్నా జడలే కనిపిస్తున్నాయి.

“ఇగ నాతోని గాదు!” అని లేచాడు. “లైటు బంద్, పాట బంద్. నాయనమ్మ మంచం ఇప్పుడే హాల్లకు ఏస్త!”

మంచం కోడు మీద చెయ్యి పడిందో లేదో, వర్ష పరుగున వచ్చి అతని చొక్కా గట్టిగా పట్టుకుంది. మొహం తెల్లగా పాలిపోయింది.

“వద్దు డాడీ!”

“అయితె చెప్పు. ఎవరది?”

“నాకేం తెల్సు డాడీ, బొమ్మ షురువైనప్పటి సంది కండ్లు మూసుకునే కూసున్న!”