ఓడలో నా జోకులు

ఓడ ప్రయాణంలో అది మా ఆఖరి భోజనం. వారం రోజులుగా మాకు వడ్డించిన వెయిటర్ కోసం జేబులో కవరు పెట్టుకుని కూర్చున్నాను.

"టిప్పు బిల్లులోనే కలిపేశారు కదండీ" అంది మా ఆవిడ.

"అది వడ్డనకి. ఇది రసికతకి" అన్నాను. నా జోకులకి ఆ మనిషి పూటపూటా పొట్ట పట్టుకుని నవ్వాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఈవిడ ఒక్కసారి నవ్విన పాపాన పోలేదు.

వెయిటర్ రాగానే కవరు అందించబోయాను. "నా జోకులకి మనసారా నవ్వావు. ఉంచుకో."

అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఒకే పనికి రెండుసార్లు తీసుకోకూడదండీ. అమ్మగారు మొదటిరోజే ఇచ్చేశారు."

"ఏ పనికి?"

మా ఆవిడ తలెత్తకుండా ఐస్‌క్రీం తింటోంది.

"'ఆయనేమన్నా కాస్త నవ్వు బాబూ, నావల్ల కావడం లేదు' అన్నారండీ అమ్మగారు" అన్నాడు వెయిటర్.

నాకు తల కొట్టేసినట్టయింది. "అంటే వారం నుంచీ కూలికి నవ్వుతున్నావా?"

అలవాటు కొద్దీ వెయిటర్ విరగబడి నవ్వాడు.

ఈసారి మా ఆవిడ కూడా నవ్వింది. ఆవిడకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు.