ఆటలో అరటిపండు

"తాతయ్య ఆటకొస్తే గోడ తన కోట తలుపులు తనే తెరుస్తుంది. నేనాడితే గోతిలో దాచిన ఏనుగుల్ని కూడా చూసేస్తుంది. ఇది తొండి కాదా అమ్మా?" మీనాక్షి వదిలేలా లేదు.

"మెల్లగా మాట్లాడవే," అంది హైమవతి దోసె తిరగేస్తూ.

ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ హాలు గోడే తెరగా మారి మనుషులతో యుద్ధాలాట ఆడుతోంది. ఎవరికి గెలుపు వడ్డించాలో, ఎవరికి ఓటమి వడ్డించాలో ఇంటివాళ్ళు చెబితే చాలు. మామగారికి గుండెపోటు వచ్చాక ఆయన్ని గెలిపించమన్నది హైమవతే. పుస్తకం పట్టాలని కూతుర్ని ఓడించమన్నదీ ఆమే. ఇక దాచలేక ఆ మాటే గొంతు తగ్గించి చెప్పింది.

"అయితే తాతయ్య ఆటలో అరటిపండన్నమాట!" అని అరిచింది మీనాక్షి.

హైమవతి ఉలిక్కిపడి చూసింది. మంచినీళ్ళకని వచ్చిన మామగారు పరంధామయ్య గుమ్మంలోనే ఆగిపోయారు. నిన్నటి గెలుపును ఆయన అపార్ట్‌మెంటంతా తిరిగి చెప్పుకున్నారు. పెనం మీద దోసె మాడింది.

అందరూ టిఫిన్లకు కూర్చున్నాక, ఆయన కంచంలోకే చూస్తూ అన్నారు.

"ఇవాళ్టినుంచి గోడతో ఆడను. మీనాక్షితో ఆడతాను. ఓడిపోతే ఓడిపోతాను. నన్ను గెలిపించమని దాని చెవిలో మాత్రం ఎవరూ ఊదకండి."