చివరి గుక్క

"నా సీసా ఖాళీ అయ్యేదాకా చక్రం తిరిగితే నమ్ముతాను. మధ్యలో ఆగిందా, వీణ్ణి ఇప్పుడే వ్యానెక్కిస్తాను," అన్నాడు ఓకెకే, తమ్ముడి కొడుకు తోబెన్నాని చూపిస్తూ.

వ్యాను వాకిట్లోనే ఉంది. వెనక సీటు మీద తాడు చుట్ట. ఉగోయే చూడకూడదనుకుంటూనే అటే చూస్తోంది. అది వెళ్లేది ప్రార్థనతో పిచ్చి కుదురుస్తాననే ప్రవక్తగారి ఆవరణకి. అక్కడ పిచ్చివాళ్లని కాలికి గొలుసేసి దుంగకి కడతారు. చర్చిలో తన పక్కన కూర్చునే ఆవిడ తమ్ముడు అక్కడికి నడిచి వెళ్లాడు, చాపలో తిరిగొచ్చాడు.

తన కొడుక్కి పిచ్చి లేదు. పెట్రోలు లేకుండా కరెంటు పుట్టించాలన్న పట్టుదల, అంతే. కానీ తండ్రి వదిలిపోయిన దుకాణం మూసేసి, తిండి మాని, పెళ్లి మాటెత్తితే కసురుకునేవాణ్ణి చూస్తే ఆబా ఊళ్లో ఎవరేమనుకుంటారు?

పెరట్లో బల్ల మీద చక్రం. చుట్టూ అయస్కాంతాలు. దానికి బెల్టుతో ఒక పాత మోటారు, మోటారుకి బల్బు. ఒక్క తోపు తోస్తే చాలు, ఇక ఎప్పటికీ తిరుగుతుందంటాడు తోబెన్నా. ఇన్నాళ్లూ కాసేపు తిరిగి చతికిలబడేది. నిన్నటి నుంచే దారికొచ్చింది.

"అయస్కాంతాలు రవ్వంత వంచానమ్మా, పట్టేసింది!" అని నిన్న పసివాడిలా గెంతాడు.

"గట్టిగా అనకురా," అంది ఉగోయే.

ఓకెకే వంగి బల్ల కింద తడిమాడు. బ్యాటరీ లేదు. వీధిలో కరెంటు పోయి వారమైంది.

"అందుకే ఇవాళ వచ్చాను. మోసానికి చోటుండకూడదు," అని తమ్ముడి భార్య వైపు తిరిగాడు. "ఏం తోబెన్నా తల్లీ, ఇంటికి పెద్దవాణ్ణి వస్తే లేవనైనా లేవవా? కొడుకు గొప్పవాడవుతున్నాడని ఇప్పట్నుంచే కూర్చుండిపోయావా?"

"మోకాళ్లు బావగారూ," అంటూ గోడవార పీట మీదే ఇంకాస్త ముడుచుకుంది.

గోడవతల వెల్డర్ ఇఫియోక్ జనరేటర్ దడదడలాడుతోంది. పొద్దున్నే ఉగోయే అతనికి చేపముక్కలేసిన సూప్ పంపింది, ఇవాళ పని మానొద్దని చెప్పి. "నీ చప్పుడు లేకపోతే నా గుండె చప్పుడు నాకే వినబడుతుంది నాయనా."

తోబెన్నా చక్రాన్ని తోశాడు. తిరిగింది. బల్బు వెలిగింది.

ఓకెకే మాల్ట్ డ్రింకు సీసా ఎత్తి పెదవులు తడుపుకుని దించాడు. మళ్లీ ఎత్తాడు. మళ్లీ దించాడు. ఉగోయే ఒక కన్ను చక్రం మీద, ఒక కన్ను సీసా మీద వేసి కూర్చుంది.

"అది సీసానా, సముద్రమా? తాగవయ్యా!" అంది వింత చూడ్డానికొచ్చిన ఎదురింటి ముసలావిడ. గుమిగూడిన ఇరుగుపొరుగంతా నవ్వారు.

"ఇంకో సీసా తెప్పించనా పెదనాన్నా? నా చక్రానికి తొందరేం లేదు," అన్నాడు తోబెన్నా.

"నోర్ముయ్‌రా!" ఉగోయే అరిచిన అరుపుకి అందరూ ఉలిక్కిపడ్డారు.

ఓకెకే ఈసారి నవ్వలేదు. సీసా ఊపి చూశాడు. అడుగున ఒక్క గుక్క మిగిలింది. బల్బు వైపు చూస్తుంటే అతని కళ్లు చెమర్చాయి.

"మా తమ్ముడు ఉండుంటే ఇవాళ వీధంతా విందు పెట్టేవాడురా," అని సీసా పైకెత్తాడు.

సరిగ్గా అప్పుడే వీధి చివర పిల్లల గోల మొదలైంది. కరెంటు వచ్చినప్పుడల్లా ఊరు ఊరంతా అరిచే కేక, ఇంటింటినీ తాకుతూ వచ్చింది.

"అప్ నేపా! అప్ నేపా!"

గోడవతల ఇఫియోక్, కరెంటొచ్చాక పెట్రోలు తగలెయ్యడమెందుకని ఊళ్లో అందరిలాగే అలవాటు కొద్దీ జనరేటర్ ఆపేశాడు. ఇవతల ఆ జనరేటర్ నుంచి ఉగోయే పీట కిందుగా మోటారు దాకా మట్టిలో కప్పెట్టిన తీగలో ప్రాణం పోయి, తోబెన్నా చక్రం నీరసంగా ఊగి నిలిచిపోయింది.