పదకొండు నిమిషాలు

"పదకొండు," అన్నాడు ఓగ్నెన్ చేతి గడియారం చూసుకుని. "మళ్లీ పదకొండు నిమిషాలు పట్టింది అత్తా."

జననాలూ మరణాలూ పెళ్లిళ్లూ నమోదు చేసే ఆ గదిలో దెసాంకా ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తోంది. ఊళ్లో కుర్రకారంతా ఆమెను అత్తా అనే పిలుస్తారు. కాఫీ పొంగిపోకుండా గిన్నెలో చెంచా తిప్పుతూ, "దానికీ నాలాగే మోకాళ్ల నొప్పులేమో నాయనా" అంది.

ఓగ్నెన్ పురపాలక కార్యాలయంలో కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగి. ఈ గదికి రావడం ఇది మూడోసారి. జబ్బేమిటో మొదటిరోజే తెలిసింది. బటన్ నొక్కగానే పదిహేడు ప్రోగ్రాములు వాటంతటవే లేచి కూర్చుంటున్నాయి. ఎప్పుడో పారేసిన స్కానర్‌ది ఒకటి, వాతావరణం చెప్పేది ఒకటి, ఎవరో ఎక్కించిన పేకాట ఒకటి. అన్నీ ఒకేసారి తోసుకొస్తుంటే ఆ ముసలి యంత్రానికి ఊపిరాడటం లేదు. వచ్చిన ప్రతిసారీ అతను సెట్టింగ్స్‌లో ఆ జాబితా తెరిచి పదిహేడింటినీ ఆఫ్ చేసేవాడు. నలభై సెకన్లలో లేచేది. వారం తిరిగేసరికి పదిహేడూ మళ్లీ ఆన్‌లో ఉండేవి.

ఎవరైనా ముట్టుకుంటున్నారా అని అడిగాడు.

"ఈ గదిలో ఉండేది నేనూ ఈ కాఫీ గిన్నే. నాకు ఆ బటన్ నొక్కడం తప్ప ఏం తెలుసు?"

మే నెలలో తన పెళ్లి నమోదుకు వచ్చినప్పుడు మాత్రం, పెళ్లికూతురు యస్న సంచిలోంచి గుర్తింపు కార్డు వెతికి తీసేలోపే ఇద్దరి పేర్లూ తెర మీదికి వచ్చిన సంగతి గుర్తుచేశాడు.

"పెళ్లంటే అదీ ముస్తాబై కూర్చుంటుందిలే."

ఓగ్నెన్‌కి నవ్వు రాలేదు. శవపేటికలు అమ్మే మిలోయె పై అధికారులకు ఫిర్యాదు రాశాడు. మరణం నమోదుకు ఈ గదికి వస్తే పొద్దంతా ఇక్కడే గడిచిపోతోందట.

"ఆయన గిరాకీలకి అంత తొందరేమొచ్చింది?" అంది దెసాంకా.

"నవ్వులాట కాదత్తా. నెలాఖరు శుక్రవారంలోగా ఇది బాగుపడకపోతే గది మూసేస్తారు. రిజిస్టర్లన్నీ జిల్లా కేంద్రానికి పోతాయి. నువ్వు ఇంటికి పోతావు."

పింఛనుకు ఆమెకింకా నాలుగేళ్లుంది. "తెలుసు నాయనా" అని అతని కప్పులో కాఫీ పోసింది. అతను పదిహేడింటినీ మళ్లీ ఆఫ్ చేసి వెళ్లాడు.

ఆ నెల ఆఖరి బుధవారం సాయంత్రం ఓగ్నెన్ తండ్రి స్వెతోజార్ చనిపోయాడు. ముప్ఫై ఏళ్లు ఆ లోయలో బస్సు నడిపిన మనిషి. శుక్రవారం పొద్దున డాక్టరు ఇచ్చిన కాగితం పట్టుకుని ఓగ్నెన్ నమోదుకు వచ్చాడు. నల్ల చొక్కా, తల మీద తండ్రి డ్రైవరు టోపీ.

పసిబిడ్డతో ఒక జంట గదిలోంచి బయటికొస్తోంది. ప్రింటర్ వేడి ఆరని జనన పత్రాన్ని భర్త విసనకర్రలా ఊపుకుంటున్నాడు. బిడ్డ కాలి మేజోడు జారిపడింది. బొటనవేలంత ఉంది. ఓగ్నెన్ వంగి తీసి ఇచ్చాడు.

అద్దం తలుపులోంచి దెసాంకా అతని నల్ల చొక్కాను చూసింది. అతను లోపలికి వెళ్లేసరికి తెర నల్లగా ఉంది.

"ఇప్పుడే బటన్ నొక్కాను. దీని సంగతి నీకు తెలిసిందేగా. కూర్చో."

ఈరోజు కూడానా అనుకున్నాడు ఓగ్నెన్. టోపీ తీసి కొక్కేనికి తగిలించి కూర్చున్నాడు.

ఇంట్లో గడియారం ఆపారా అని ఆమె అడిగింది. మనిషి పోయిన ఇంట్లో ఖననం అయ్యేదాకా గడియారం నడవకూడదు.

"యస్న ఆపింది. కుర్చీ ఎక్కి. ఐదూ నలభైకి."

"మంచి పిల్ల."

చిన్న గ్లాసులో రేగుపళ్ల సారా పోసి అతని ముందు పెట్టింది. అతను తండ్రి పేర నాలుగు చుక్కలు నేల మీద వదిలి, మిగిలింది తాగాడు. మీ నాన్న బస్సులో పదేళ్లు తిరిగానని ఆమె చెప్పింది. ఎక్కాల్సినవాళ్లని వదిలేసి ఒక్కనాడూ వెళ్లలేదంది.

రెండు రోజులుగా ఓగ్నెన్ పేటిక గురించీ, చెట్లకీ తలుపులకీ అంటించే చావు కబురు కాగితాల గురించీ మాట్లాడాడు తప్ప, తండ్రి గురించి ఒక్క మాట అనలేదు.

"స్తానా ముసలమ్మ రాకపోతే దిగి టైరు చూసేవాడత్తా. వంగి, కొట్టి, తల అడ్డంగా ఊపేవాడు. బస్సులో అందరూ టైరుని తిట్టుకునేవాళ్లు. టైరుకేమీ ఉండేది కాదు. ముసలమ్మ కొండ దిగి వచ్చేదాకా..."

బల్ల మీద తల వాల్చి ఏడ్చాడు. దెసాంకా అతని వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

తెర వెలిగింది. మూడు నిమిషాల్లో స్వెతోజార్ రిజిస్టరులో ఒక వరుస అయ్యాడు.

ఓగ్నెన్ కళ్లు తుడుచుకుని, ఈరోజు శుక్రవారం కదా, లేవత్తా అన్నాడు. ఆమె వారించింది. చేతులకు ఏదో ఒక పని ఉంటేనే నయమన్నాడు. జాబితా తెరిచి పదిహేడింటినీ ఆఫ్ చేశాడు. ఆపి, మళ్లీ వేశాడు. ముప్ఫై ఎనిమిది సెకన్లు. యంత్రం బాగుపడింది, గది మూయనక్కర్లేదు అని ఫోన్‌లోనే పై అధికారులకు రాసి పంపాడు.

"ఇక దీన్నెవరూ ముట్టుకోకూడదత్తా."

ఆమె అతని చొక్కా కాలరు సర్ది, సరేనని తలూపింది.

మెట్ల దగ్గర నల్ల తలగుడ్డ కట్టుకున్న ఒకావిడ, చేతిలో డాక్టరు కాగితంతో, రెయిలింగు పట్టుకుని మెల్లగా పైకెక్కుతోంది. ఓగ్నెన్ పక్కకు తప్పుకున్నాడు. అప్పుడు తండ్రి టోపీ గుర్తొచ్చింది. గబగబా వెనక్కి నడిచి, అద్దం తలుపు మీద చెయ్యి వేసి ఆగిపోయాడు.

లోపల దెసాంకా పదిహేడింటినీ చకచకా ఆన్ చేసి, కంప్యూటర్ ఆపేసింది.