లూయీ ఎక్కాల్సిన కొండ

మదనపల్లె, ఆగస్టు 1948.

దీపం పెట్టినాక పుష్పమ్మ టీచరు ఒక్కతే ప్రార్థనకు మోకాళ్లూనింది.

“ప్రభువా, లూయీ అందరికన్నా వెనకబడి ఉన్నాడు. రేపు కొండ ఎక్కే బలం దయచేయుము.”

తోడుకు మజ్జిగ కోసం వచ్చిన పక్కింటామె, ఆమెన్ అనేదాకా వాకిట్లోనే నిలబడింది.

“లూయీ అంటే మీ మనవడా టీచరమ్మా?”

“కాదు. ఫ్రాన్సులో సైకిల్ పందెం తొక్కతాండాడు. పేపర్లో చదివినా.”

“నెల దినాలుగా గోడవతల్నించి ఇంటానే ఉండా. ఇంకా ఆ కొండ ఎక్కలేదా?”

పుష్పమ్మ బల్ల వైపు చూసింది. లూయీ సంగతి చదివిన రోజు తర్వాత వచ్చిన పేపర్లన్నీ మడత విప్పకుండా అక్కడే ఉన్నాయి.

“పందెం ఎప్పుడో అయిపోయుంటుందమ్మా. వాడు ఇల్లు చేరినాడని తెలిస్తే, రేపట్నించి నేను ప్రార్థనలో ఎవరి పేరు చెప్పేది?”